బోర్లించిన పార

పురిలాలో కాలువ పూడిక తీసే రోజున మనుషుల పేర్లు పిలవరు, పారలను పిలుస్తారు. ఇంటికొక పార లెక్కన నలభై ఒక్క పారలు, ఊట దగ్గర తూము ముందు ఇసుకలో వరసగా పడుకుని ఉంటాయి. పిడులు ఊరివైపు, రేకులు కొండవైపు, దోసిలి పట్టినట్టు వెల్లకిలా. నీళ్ళ వంతులు చూసే నీరుగంటి ఒక్కొక్క ఇంటి పేరే పిలుస్తూ నడుస్తాడు. పిలిచిన ఇంటివాడు "ఉండాది" అని చేతిలోని గులకరాయితో పార అంచు మీద ఒక దెబ్బ కొడతాడు. ఆ చప్పుడు వినబడితేనే ఆ ఇంటికి ఏడాది పొడుగునా నీళ్ళ వంతు. మనిషి జ్వరంతో మూలుగుతూ ఇంట్లో పడున్నా ఫరవాలేదు, పార మాత్రం రావాలి.

ఆగస్టు తొమ్మిదో తేదీ పొద్దున, ఆ కొండల్లో చలికాలం నడుమ, కాలువ అంచుల్లో మంచు ఇంకా కరగకముందే, నీరుగంటి నికాసియో బెర్నా నలభై పారలు పిలిచి ఆగాడు. ముప్పై ఏళ్ళుగా పిలుస్తున్నాడు. ఏ పార ఎట్లా మోగుతుందో చూడకుండానే చెప్పగలడు. కొత్త పార ఠంగుమంటుంది, అరిగిన పార సన్నగా కూస్తుంది. తన తమ్ముడు ఎమెటేరియో పార అంచున బీట ఉండడం వల్ల పగిలిన కుండలా బొంగురుగా మోగుతుంది. ఆ చప్పుడు అప్పుడే అయిపోయింది. నలభై ఒకటో చోటు మాత్రం ఖాళీగా ఉంది.

"ఇంకెవరిదన్నా, నీ బామ్మర్దిదే," అన్నాడు ఎమెటేరియో. ఆ ఏడు పనికి పెద్ద అతనే. చేతిలో లామా ఊలుతో అల్లిన కొరడా పట్టుకుని, నవ్వు లేకుండా నిలబడ్డాడు. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి."

కాసిమీరో పార భుజాన వేసుకుని, కోకా ఆకులు నములుతూ తాపీగా దిగి వచ్చాడు.

"యాడ సచ్చినావురా?" అన్నాడు నికాసియో.

"దోవలో మీ తమ్ముని గాడిద అడ్డం పండుకోనుండె బావా. అది గూడా ఆయప్ప మాదిరే. తాను లెయ్యదు, మందిని పోనీదు."

వరస వెంట నిలబడ్డవాళ్ళు నవ్వారు. ఎమెటేరియో మాత్రం నవ్వకుండా, ఆనవాయితీ ప్రకారం ఆలస్యానికి మూడు దెబ్బలు వేశాడు. మందపాటి కంబళి మీద పడే దెబ్బలే కాబట్టి అది ఆటే. అయినా మూడోది కాస్త గట్టిగానే తగిలింది. కాసిమీరో వీపు రుద్దుకుంటూ పారను వరస చివర పడుకోబెట్టి, రాయితో కొట్టాడు. "ఉండాది. ఈసారి వెల్లకిలానే ఉండాది, బాగా చూసుకోండప్పా."

ఆ మాట నికాసియోకే తగలాలని అన్నాడు. మూడేళ్ళ కిందట కాసిమీరో పక్క కయ్యవాడి వంతులో తన మడవ తెరిచి నీళ్ళు కాజేశాడు. అప్పుడు అతని పారను వరసలోంచి తీసి, అందరి ముందూ బోర్లించింది నికాసియోనే. బోర్లించిన పారకు ఏడాది పాటు వంతు ఉండదు. ఆ ఏడాది కాసిమీరో మొక్కజొన్న నిలువునా ఎండింది. గనిలో కూలికి పోయి, నికాసియో భార్య, తన అక్క అయిన దమియానా పెట్టింది తిని ఎలాగో గట్టెక్కాడు.

ముసలి హిలారియా ఊట ఒడ్డున మోకాళ్ళ మీద కూర్చుంది. నికాసియోకు స్వయానా చిన్నమ్మ, ఎనభై దాటింది. ఊటతో మాట్లాడే హక్కు ఊళ్ళో ఆమె ఒక్కదానికే ఉంది. పిడకల నిప్పు మీద కొండమూలిక వేసి పొగ పెట్టి, కాయకల్లు రెండు ముంతల్లో తీసుకుని, రెండు చేతులతోనూ ఒకేసారి నీళ్ళలో వంచింది.

"ఏడాదంతా మేం తాగితిమి తాతా. ఈ మూడు దినాలూ నువ్వు తాగు," అంది కొండవైపు చూసి. మూడో రోజు పొద్దుగూకేదాకా ఇక ఆ నీళ్ళు కొండవి. వాటిని ముట్టుకుంటే కొండ వంతు దొంగిలించినట్టే.

మొదటి పచ్చికగడ్డ ఆమే వేసింది. తర్వాత మగవాళ్ళు బండరాయి దించి, సందుల్లో బంకమన్ను కూరారు. నీళ్ళు ఒక్క క్షణం ఎటు పోవాలో తెలియనట్టు నిలబడి, పక్కకు తిరిగి, వంకలోకి దూకాయి. కాలువ పై నుంచి కిందికి ఎండుతూ పోయింది.

ఎమెటేరియో కర్రతో కొలిచి, విడతకు ఇంటికి ఎనిమిది బారల చొప్పున గీతలు గీశాడు. ఆడవాళ్ళు కొడవళ్ళతో నీటిగడ్డి కోస్తూ ముందు నడిచారు. మగవాళ్ళు ఒండ్రు తోడి గట్టు మీదికి విసిరారు. తాతముత్తాతలు విసిరిన ఒండ్రు కూడా ఆ గట్ల మీదే ఉంది. కొన్ని చోట్ల గట్టు రెండు నిలువుల ఎత్తు పెరిగింది.

నికాసియో పక్క గీతే కాసిమీరోకు వచ్చింది. కాసేపు నోరు మూసుకుని తవ్వాడు గాని, అది అతని వల్ల అయ్యే పని కాదు.

"టోపీలో ఉత్తరం ఇంకా పిల్లలు పెట్టలేదా బావా?"

నికాసియో చెయ్యి టోపీ మీదికి పోయింది. నీళ్ళ ఆఫీసు ఉత్తరం నెల రోజులుగా ఆ టోపీ పట్టీలోనే ఉంది. ఎవరడిగినా తీసి చూపించి, మళ్ళీ మడిచి అక్కడే పెడతాడు.

"పదిహేనో తేదీకి ఇన్‌స్పెక్టరు వస్తాడంట. అప్పటికి పూడిక తీసేది అయిపోతాది. కాలువ నిండుగా పారతా ఉంటాది. చూసి రాసుకోని పోతాడు."

"ముందటిసారి గూడా చూసే రాసుకోని పాయె కదా."

నికాసియో పార ఒండ్రులోకి దించాడు. రెండేళ్ళ కిందట ఇన్‌స్పెక్టర్ గయార్దో సరిగ్గా పూడిక తీసే రోజుల్లోనే వచ్చాడు. ఎండిన కాలువ చూశాడు, వంకలో నిండుగా పోతున్న నీళ్ళు చూశాడు. వంకలో ఒక నారింజపండు వేసి, చేతి గడియారం చూసుకుంటూ, అది పది మీటర్లు ఎంతసేపట్లో కొట్టుకుపోతుందో కొలిచాడు. ఆ కొలకర్ర పట్టుకుని నడుంలోతు నీళ్ళలో నిలబడింది నికాసియోనే. ఇంటికి పిలిచి దమియానా చేత మొక్కజొన్న గంజి, మేకమాంసం పెట్టించింది కూడా తనే. వెళ్తూ గయార్దో ఆ నారింజపండు అతని చేతిలో పెడితే, సంతోషంగా ఒలుచుకుని తిన్నాడు. కొన్నాళ్ళకు కాగితం వచ్చింది. 'కాలువ వాడుకలో లేదు, నీరంతా వంక పాలవుతోంది' అని. వాడుకలో లేని నీళ్ళు ముందు ఎవరు అడిగితే వాళ్ళవేనని కొత్త చట్టం. గని వాళ్ళు అప్పటికే అడిగి ఉన్నారు. ఊరు అభ్యంతరం చెప్పింది కాబట్టి ఆఖరుసారి చూడడానికి మళ్ళీ వస్తున్నాడు. ఈసారీ ఎండిన కాలువ కనబడితే, తూము దగ్గర గని వాళ్ళ గొట్టం పడుతుంది, పురిలాలో మనిషన్నవాడు మిగలడు. ఇది ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు.

"ఆ పండు తియ్యగా ఉండెనా బావా?" అన్నాడు కాసిమీరో.

"నోరు మూసుకోని తవ్వు," అన్నాడు నికాసియో. ఆ మాట ఎవరైనా ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారని రెండేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాడు. అయినా మొహం కందిపోయింది.

రెండో రోజు మధ్యాహ్నం, అందరూ కాలువ గర్భంలోనే కూర్చుని గంజి తాగుతూ ఉంటే, కింది మలుపులో దుమ్ము లేచింది. తెల్ల బండి. దాని తలుపు మీద గని ముద్ర ఉంది. లావుపాటి డ్రైవరు దిగకుండా సీటు వెనక్కి వాల్చుకుని టోపీ మొహం మీదికి లాక్కున్నాడు. రెండో వైపు నుంచి గయార్దో దిగాడు. చేతిలో సంచీ. సంచీ పైన నారింజపండ్లు కనబడుతున్నాయి.

నికాసియో చేతిలో ముంత అలాగే ఉండిపోయింది. తర్వాత లేచి, గట్టు ఎక్కి, టోపీ తీసి, ఉత్తరం తీసి పట్టుకున్నాడు.

"సారూ, పదిహేనని రాసినారు కదా."

"రాశాం పెద్దాయనా. కానీ మా ఆఫీసు బండి పాడైంది. వీళ్ళ బండి ఈ వారమే ఖాళీగా దొరికింది." గయార్దో కాలువలోకి తొంగి చూసి, ఇబ్బందిగా మెడ గోక్కున్నాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నికాసియోకు పని సులువయ్యేది. "మళ్ళీ ఎండే ఉందే!"

"ఎండలేదు సారూ, మేమే ఎండబెట్టినాము. పూడిక తీస్తాండాము. రేపు పొద్దుగూకినాక విడుస్తాము. ఒక్కపూట ఉండండి. మా ఇంట్లో పండుకోండి."

"రేపు మధ్యాహ్నం బండి వెళ్ళిపోతుంది. పదిహేనుకు ఫైలు మూసేస్తారు." గయార్దో గొంతు తగ్గించాడు. "చూడు, నేను కళ్ళతో చూసిందే రాయగలను. రేపు పన్నెండు గంటలకు కొలుస్తాను. నీళ్ళుంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అంతకన్నా నా చేతుల్లో లేదు."

అతను బండి వైపు వెళ్ళిపోయాడు. పొద్దుగూకడానికీ మిట్ట మధ్యాహ్నానికీ మధ్య ఒక్కపూట తేడా. ఒక్కపూటకు ఊరు పోతుందంటే ఎవరికైనా నవ్వొస్తుంది. కాలువలో ఎవరూ నవ్వలేదు.

"తెరిస్తే పోలా?" అన్నాడు కాసిమీరో. "ఆరు గంటలు ముందర. కొండకు గడియారం ఉందా ఏమి?"

"ఒరే, అది కొండ వంతు," అన్నాడు ఎమెటేరియో. "పక్కోని వంతు మింగినోనికి కొండ వంతు ఎంతలే!"

"కొండ వంతు ఉంచితే గని మింగుతాది. అప్పుడు కొండకేమి మిగులుతాదో చెప్పప్పా పెద్దమనిషీ!"

"కొండ కోపమొచ్చి ఊటే మూసుకుంటే? గని వాళ్ళు గొట్టమన్నా ఏస్తారు, మనం యాడ ఏడ్చేది?"

మాట మాట పెరిగింది. ఆడవాళ్ళు కొడవళ్ళు పక్కన పెట్టి అరిచారు. ఇద్దరు మగవాళ్ళు పారలు పట్టుకుని లేచారు. నికాసియో అడకత్తెరలో పోకచెక్కలా మధ్యన కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళలో ఎందరి తగువులో తీర్చాడు. నీ వంతు ఇంత, వాడి వంతు ఇంత అని నీడ కొలిచి చెప్పాడు. ఈ తగువుకు కొలిచే నీడే లేదు.

హిలారియా చేతికర్రతో బండ మీద కొట్టింది. "ఊరికే అరిస్తే ఏమొస్తాది? దొంగతనం చెయ్యల్లంటే చెయ్యండి. ఎవరి పేరు మీదనో చెప్పి చెయ్యండి. మా నాయన కాలంలో వరదకు భయపడి ఊరంతా గలిసి కొండ వంతులోనే నీళ్ళు విడిచినారు. మళ్ళ ఊరంతా గలిసి పారలు బోర్లించినారు. నలభై ఒక్కటీ. అందరివీ బోర్లిస్తే తప్పు ఒకనిది కాదు, శిక్షా ఒకనికి లేదు. వంతులు మొదట్నుంచి పంచుకున్నారు. అంతే."

"అయితే అందరం బోర్లిద్దాం," అన్నాడు కాసిమీరో.

"నేను బోర్లించను," అన్నాడు ఎమెటేరియో వెంటనే. "నేను తెరవమన్లేదు. తప్పు చెయ్యనోడు శిక్ష ఎందుకు పడల్ల?"

అతని మాటలో న్యాయం ఉంది. కొందరు తలలు ఊపారు. ఊరు అక్కడికక్కడే రెండుగా చీలేటట్టు ఉంది. నికాసియో లేచాడు.

"నా పేరు మీద," అన్నాడు.

"ఏంది?" అంది హిలారియా.

"దొంగతనం నా పేరు మీద చిన్నమ్మా. తెరిచేది నేనే, బోర్లించేది నా పారే. మీరెవరూ తూము కాడికి రాబాకండి. పైన ఇంక మూడువందల బారలు పూడిక ఉండాది. రేపు మధ్యాహ్నానికి అయిపోవల్ల. లెయ్యండి!"

దమియానా కొడవలి ఎత్తుకుంటూ మొగుడి మొహంలోకి చూసింది. "ఏడాది నీళ్ళు లేకుంటే మనమేమి తినాలయ్యా?"

"నీ తమ్ముడు పెడతాడులే. మూడేళ్ళ బాకీ ఉండాడు."

కాసిమీరో పార అందుకుని పైకి నడిచాడు.

మూడో రోజు పొద్దున పురిలా మనుషులు తవ్వినట్టు ఎప్పుడూ తవ్వలేదు. గీతలు ఎవరూ చూడలేదు. నీ ఎనిమిది బారలు, నా ఎనిమిది బారలు అన్నది లేదు. ఒకడి చేతులు ఆగితే పక్కవాడు అతని ముందరిది కూడా తోడేశాడు. ఎమెటేరియో కొరడా ఎక్కడో పారేసి అందరికంటే ముందు దిగాడు. ఇష్టం లేని పనైనా అర్ధమనసుతో చెయ్యడం అతనికి చేతకాదు. అరచేతులు పగిలి పిడి ఎర్రబడితే తలగుడ్డ చించి చుట్టుకుని మళ్ళీ తవ్వాడు. నికాసియో అది చూశాడు. వీడు నా తమ్ముడు, అనుకున్నాడు.

పదకొండు దాటేసరికి ఆఖరి పార ఒండ్రు గట్టెక్కింది. మనుషులు తమ తమ పారలు తెచ్చి తూము ముందు మళ్ళీ వరసగా పెట్టారు. పని ముగిస్తే అలా పెట్టడం రివాజు. నికాసియో తన పారను వరసలోంచి తీశాడు. పది అడుగులు పక్కకు నడిచి, కొండకు ఎదురుగా నిలబడి, పారను బోర్లించి నేల మీద పెట్టాడు. గులకరాయితో ఒక్క దెబ్బ కొట్టాడు.

"తాతా, నీ వంతు నేను దొంగిలిస్తాండా. ఊరు కాదు, నేను. ఈ పారకు వంతు లేదు," అన్నాడు అందరికీ వినబడేటట్టు.

హిలారియా కొంగు తల మీదికి లాక్కుని అటు తిరిగి కూర్చుంది. నికాసియో ఒక్కడే తూములోకి దిగి, బంకమన్ను గోళ్ళతో పెకలించాడు. గునపం పెట్టి బండరాయిని ఎత్తాడు. ఇద్దరు ఎత్తే రాయి. సాయానికి ఎవరూ రాకూడదు, ఎవరూ రాలేదు. రాయి పక్కకు ఒరిగేసరికి మోకాలి దాకా చన్నీళ్ళు కొట్టాయి. నీళ్ళు పూడిక తీసిన కాలువలో ఎండుటాకులు తోసుకుంటూ ఊరివైపు పరుగెత్తాయి. ఊట ఆగలేదు, భూమి కంపించలేదు. ఆ రెంటిలో ఏదైనా జరుగుతుందని ఊరిలో సగం మంది ఊపిరి బిగబట్టి ఉన్నారు.

పన్నెండు గంటలకు గయార్దో తిన్నగా ఉన్న చోటు చూసుకుని పది మీటర్లు కొలిచాడు. నారింజపండు వదిలాడు. అది మునిగి, తేలి, గట్టుకు తగలకుండా మధ్యలోనే పోయింది. మూడుసార్లు వదిలాడు. పలక మీద లెక్క వేసుకుని చిరునవ్వు నవ్వాడు.

"ముప్పై ఎనిమిది లీటర్లు, సెకనుకు. వాడుకలో ఉంది. పూర్తిగా వాడుకలో ఉంది."

ఒక్కసారిగా కేకలు లేచాయి. ఆడవాళ్ళు ఒకరినొకరు కౌగిలించుకున్నారు. కాసిమీరో పరుగెత్తి నీళ్ళలోంచి నారింజపండు తీసి, అక్క చేతిలో పెట్టి, "ఈసారి నువ్వు తినక్కా, మీ ఆయన పళ్ళు తింటే ఊరికి అరిష్టం," అన్నాడు. నికాసియో కూడా నవ్వాడు. రెండేళ్ళ తర్వాత నవ్వాడు.

"ఇంకొక్క పని," అన్నాడు గయార్దో. "ఈ నీళ్ళు వాడే ఇళ్ళ పేర్లు కావాలి. రాసిపెట్టింది ఏమైనా ఉందా?"

"రాసేదేముండాది సారూ? పారలుండాయి కదా," అన్నాడు ఎమెటేరియో. "వరసలో ఎన్ని పారలో అన్ని వంతులు."

గయార్దోకు ఆ పద్ధతి నచ్చింది. ఒక్కొక్క పార దగ్గర ఆగి, దాని వెనక నిలబడ్డ మనిషిని పేరడిగి రాసుకున్నాడు. వరస అయిపోయాక పది అడుగుల అవతల ఉన్న పార వైపు చూశాడు.

"అదెవరిది?"

"నాది సారూ," అన్నాడు నికాసియో.

"దీని వంతు?"

"దానికి వంతు లేదు."

"నువ్వే కదా నీరుగంటివి? ఎందుకు లేదు?"

కొండ వంతు, దొంగతనం, శిక్ష, ఇవన్నీ ఈ మనిషికి చెబితే, విడవకూడని నీళ్ళను కొలత కోసమే విడిచారని కాగితంలోకి ఎక్కుతుంది. గయార్దో పెన్ను గాల్లో ఆగి ఉంది.

"ఆలోచించుకుని చెప్పు పెద్దాయనా. ఉందా, లేదా?"

ఉందని ఒక్క మాట అంటే చాలు. కానీ గంట కిందట ఈ నోటితోనే కొండ ముందు లేదన్నాడు. హిలారియా కొంగు సందులోంచి తననే చూస్తోంది. బండి డ్రైవరు కూడా నిద్ర లేచి వచ్చి, బానెట్‌కు ఆనుకుని వింటున్నాడు.

"లేదు," అన్నాడు నికాసియో.

గయార్దో గీత గీసి, సంతకం చేసి, నిలబడి చదివాడు. నలభై ఇళ్ళు, నలభై వాటాలు. ఎవరి వాటా వారి సొంతం. వాడుకోవచ్చు, పిల్లలకు రాసివ్వచ్చు, అమ్ముకోవచ్చు. ఇకమీదట ఎవరూ కాదనడానికి లేదు.

"అమ్మేదా?" అంది హిలారియా. "నీళ్ళను?"

"మీ ఇష్టం అవ్వా. అమ్మమని ఎవరూ బలవంతపెట్టరు. ఇప్పుడు అది మీ ఆస్తి."

నికాసియో ముందుకు వచ్చాడు. "సారూ, నలభై అంటిరి. వచ్చే ఆగస్టులో నా పార మళ్ళీ ఎత్తి పెడతా. అప్పుడొచ్చి నలభై ఒకటని దిద్దుతారు కదా."

గయార్దో అతని వైపు, ఆ బోర్లించిన పార వైపు చూశాడు. ఏదో అర్థమవుతున్నట్టు అతని మొహం మెల్లగా మారింది.

"ఈ కాగితంలో వచ్చే ఆగస్టు ఉండదు పెద్దాయనా. రెండుసార్లు అడిగాను. ఇందరి ముందు లేదన్నావు. నేను విన్నదే రాశాను." తర్వాత ఓదార్పుగా అన్నాడు. "కావాలంటే వీళ్ళలో ఎవరి దగ్గరైనా కొనుక్కోవచ్చు. చట్టం ఒప్పుకుంటుంది."

దమియానా చేతిలో నారింజపండు సగం ఒలిచి ఉంది.

"నీళ్ళు తెచ్చినోడే నీళ్ళు కొనుక్కోవల్లనా?" అరిచాడు కాసిమీరో. "నాకొద్దు ఈ వంతు. ఇదో, నా పార గూడా..." అని వంగి, పిడి పట్టుకుని తిప్పబోయాడు.

నికాసియో ఒక్క అంగలో వచ్చి పార మీద కాలు వేసి అదిమాడు.

"కదిలించొద్దు."

"బావా, కాలు తియ్యి!"

"ఆయప్ప పెన్ను ఇంకా జేబులో పెట్టలే," అన్నాడు నికాసియో పళ్ళ మధ్యన. "ముప్పైతొమ్మిదని రాస్తాడు. అందరూ తిప్పితే సున్నా అని రాస్తాడు. నిలబడండి. ఎవురూ కదలబాకండి."

అలా అందరూ తమ తమ పారల వెనక శిక్ష పడ్డ పిల్లల్లా నిలబడ్డారు. గయార్దో కాగితాలు సంచీలో పెట్టుకున్నాడు. వెళ్ళే ముందు లావుపాటి డ్రైవరు చొక్కా జేబులోంచి అచ్చువేసిన చిన్న అట్టముక్కలు తీసి, వరస వెంట నడుస్తూ ఒక్కొక్కరికీ ఒకటి ఇచ్చాడు. పట్నంలో గని ఆఫీసు చిరునామా.

"తొందరేం లేదు. ఎప్పుడు అమ్మాలనిపిస్తే అప్పుడు రండి. నీళ్ళు కదా, పాడైపోవు," అన్నాడు నవ్వుతూ. బోర్లించిన పార దగ్గర ఆగకుండా దాటిపోయాడు.

కాసిమీరో అట్టముక్కను నాలుగుగా చించి కాలువలో వేశాడు. ఎమెటేరియో తనది రెండువైపులా చూశాడు. తలగుడ్డ పీలికలు చుట్టిన వేళ్ళతో దాన్ని జాగ్రత్తగా మడిచి, టోపీ పట్టీలో పెట్టుకున్నాడు. నికాసియో అది చూసి, ఎండ కళ్ళలో పడినట్టు మొహం తిప్పుకున్నాడు.

పొద్దుగూకే వేళకు కొండ వంతు తీరిపోయింది. హిలారియా మిగిలిన కల్లు ఊటలో పోసి, చెయ్యవలసింది చేసి, లేచి నిలబడింది. బండి దుమ్ము కింది మలుపులో ఎప్పుడో అణగిపోయింది. మనుషులు ఇంకా ఇళ్ళకు పోలేదు. పారలు ఇంకా వరసలోనే ఉన్నాయి.

"బండి పాయె కదా బావా," అన్నాడు కాసిమీరో. "ఇప్పుడు తిప్పొచ్చునా?"

నికాసియో హిలారియా వైపు చూశాడు.

"నన్నెందుకు చూస్తావు? నేను నిన్ననే చెప్తిని," అంది ఆమె. "అందరివీ బోర్లిస్తే వంతులు మళ్ళీ మొదట్నుంచి. నలభై ఒకటి. కాగితం సంగతి కాగితం చూసుకుంటాది, కాలువ సంగతి మనం చూసుకుంటాము. కానీ అందరివీ బోర్లించల్ల. ఎవురినీ అడగబాకండి, ఎవురినీ చూడబాకండి. ఎవురి చెయ్యి వాళ్ళది."

అందుకని నికాసియో వరసకు వీపు పెట్టి, నీళ్ళకు ఎదురుగా తూము రాయి మీద కూర్చున్నాడు. ఒళ్ళంతా నొప్పులు. తడిసిన కాళ్ళు కొయ్యబారిపోయాయి. నీరుగంటికి చూడాల్సిన పని లేదు, చెవులుంటే చాలు.

మొదటి చప్పుడు వెంటనే వచ్చింది. ఇసుకలో ఇనుము తిరిగిన గరగర, దాని మీద రాయి దెబ్బ. కాసిమీరోది. పక్కవాడి వంతు మింగినవాడిది. నికాసియో ఒక వేలు మడిచాడు. రెండు. మూడు, అది సాయిరె వాళ్ళ అరిగిన పార, సన్నగా కూసింది. నాలుగు, అయిదు. తర్వాత ఒకేసారి నాలుగైదు మోగాయి. అతను వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాడు. పన్నెండు. ఎవరో ఆడమనిషి ఏడుస్తూ కొట్టింది, పానిరె వాళ్ళింటి విధవ. పదిహేడు. ఇరవై. ఆ తర్వాత చాలా సేపటికి ఒకటి, ఇంకా సేపటికి మరొకటి. ఇరవై మూడోది తప్పు చేస్తున్నట్టు మెల్లగా మోగింది.

ఆ తర్వాత ఆగిపోయింది.

నికాసియో వెనక్కి తిరగలేదు. పగిలిన కుండలాంటి ఆ బొంగురు చప్పుడు ఇంకా రాలేదు. వాడు ఆలస్యం చేసే మనిషి కాదు, చేతులు పగిలి ఉన్నాయి కదా, రాయి పట్టుకోవడానికి కాస్త సమయం పడుతుంది, అనుకున్నాడు. మడిచిన వేళ్ళు విప్పకుండా చెవి ఒగ్గి కూర్చున్నాడు. వెనక ఎవరో బరువైన పార బోర్లించకుండానే భుజానికెత్తుకుని, ఇసుకలో అడుగులు వేసుకుంటూ ఊరివైపు నడిచిపోయారు. ఆ నడక కూడా అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇక కాలువలో నీళ్ళ చప్పుడు ఒక్కటే మిగిలింది.